చప్పుడు లేని చదువు

జనవరి 5

ఎరువుల దుకాణం వాడు ఈ డైరీ ఇచ్చాడు. ఊరికే పడి ఉంటే చెద పడుతుంది. అందుకని రాస్తున్నాను. నాలుగో తరగతి దాకా చదివాను. అక్షరాలు వంకర పోతాయి. పోనీ. చూసేవాడెవడు.

కామారెడ్డిలో నాకు ఎడ్లు లేవు, పొలం లేదు. ఈ మేడమీది గదిలో మనుమడిని, మనుమరాలిని చదివించడమే పని. శ్రీకాంత్, అనూహ్య. కవలలు. ఇంటర్ మొదటి సంవత్సరం, ఒకే కాలేజీ, ఒకే గ్రూపు. నా కొడుకు బాలరాజు, "నువ్వుంటే భయముంటది బాపూ" అని పంపించాడు. ఉంటుంది మరి. మా ఊరు ఎల్లారెడ్డి చుట్టుపక్కల నేను కాడి అలవాటు చేయని కోడె లేదు. బీర్కూర్ నుంచి కూడా తోలుకొచ్చేవాళ్లు. కోడెల కంటే వీళ్లు మొండివాళ్లా?

జనవరి 7

చదువు అంటే చప్పుడు. మా పంతులు చెప్పింది అదే. వాకిట్లో చదివితే వాడ చివర వినబడాలి. నోటికి రానిది నెత్తికెక్కదు. పందొమ్మిదో ఎక్కం నాకు ఇప్పటికీ వస్తుంది. నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

శ్రీకాంత్ అలాగే చదువుతాడు. ఊగుతూ, గట్టిగా. వింటుంటే కడుపు నిండుతుంది.

అనూహ్య చప్పుడు చేయదు. పుస్తకం మూసి గోడను చూస్తుంది. లేచి నడుస్తుంది. మళ్లీ కూర్చుంటుంది. పైగా ప్రశ్నలు.

"తాతా, బర్రె మింగిన గడ్డి మళ్ల నోట్లెకు ఎట్ల వస్తది? దాన్ని మీదికి నూకేది ఏంది?"

"నెమరేస్తది. గంతే."

"గదే, ఎట్ల?"

ఎట్లానో తెలిస్తే బర్రె ఇంకో శేరు పాలిస్తుందా? పుస్తకం తియ్యమన్నాను.

జనవరి 20

కూరగాయలు తీసుకుని వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల చప్పుడు లేదు. పడుకుందేమో అనుకుని తోశాను.

గది నేల మొత్తం ముగ్గు. గోడ నుంచి గోడ దాకా. పండుగకు మిగిలిన ముగ్గుపిండి ఒకటి, ఎర్రమన్ను ఒకటి. తెల్లగీతలు, ఎర్రగీతలు, మధ్యలో నాలుగు గడుల డబ్బా. ఆ గీతల వెంట కళ్లు మూసుకుని నడుస్తోంది. పుస్తకం ఎక్కడో మంచం కింద పడి ఉంది.

"ఏందే గిది? పండుగ అయిపాయె గదా. నడింట్ల ముగ్గేంది?"

"గుండెకాయ తాతా. గిక్కడికెల్లి నెత్తురు పోతది. గిట్ల ఊపిరితిత్తులకు వోయి, మళ్ల గిట్ల..."

"గుండెకాయను తొక్కుకుంట తిరుగుతరా ఎవలన్న?"

"తొక్కుతలేను. అండ్ల నడుస్తున్న. నడుస్తెనే నాకు యాదికుంటది."

"సదువుమంటె ఆటలా? శ్రీకాంత్‌ను సూడు."

బకెట్ తెచ్చి గుమ్మరించాను. తెల్లది, ఎర్రది కలిసి మోరీలోకి పోయింది. అనూహ్య నీళ్లన్నీ పోయేదాకా నిలబడి చూసింది. తరువాత గుడ్డ తెచ్చి మూలలు తుడిచింది. తుడవమని నేను చెప్పలేదు.

తప్పేమీ లేదు. ఇల్లు ఇల్లులాగా ఉండాలి. రేపటి నుంచి నేను మెట్ల మీద కూర్చుంటాను. రెండు గొంతులూ నాకు వినబడాలి. అదే చెప్పాను.

జనవరి 22

మాట వింది. ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని గట్టిగా చదివింది. గొంతు మంచిదే. ఇన్నాళ్లూ దాచుకుంది.

జనవరి 23

చదివింది.

జనవరి 28

అన్నం వండుతూ కూడా చదివింది. శ్రీకాంత్ తిని కాసేపు పడుకున్నాడు. వాడు అలిసిపోతాడు.

కోడెకు మొదటి నాలుగు రోజులే కష్టం. తరువాత అదే నడుస్తుంది.

ఫిబ్రవరి 2

కింద ఇంటామె రాజశ్రీ, బట్టలు కుడుతుంది, మెట్ల దగ్గర ఆపింది.

"పెద్దబాపూ, మీ పోరి రోజు గదే సదువుతదేంది? నేను కాజాలు కుట్టుకుంట ఇంటున్న. గదే, గదే."

"ఎక్కాలు సుత రోజు గవే సదువుతరు. దినాం మారుతయా?"

ఆమె మిషన్ దగ్గరికి పోయింది. కుట్టుమిషన్‌కు చదువు సంగతి ఏం తెలుసు.

ఫిబ్రవరి 6

ఇవాళ ఒక వింత. మెట్ల మీద వినీ వినీ అనూహ్య పాఠం నాకే వచ్చేసింది! అర్థం తెలియదు. అయినా మొదటి నుంచి చివర దాకా ఎక్కడా తట్టుకోకుండా వస్తుంది. "నో పార్ట్ ఆఫ్ దిస్ బుక్ మే బీ రీ పొడుసుడు" అని మొదలవుతుంది. పెద్ద పాఠమే.

ఊళ్లో ఉన్న నా భార్య భూదవ్వకు ఫోన్ చేసి వినిపించాను. "ఓ ముసలోడా, దయ్యం గిట్ల సోకిందా?" అంది. "గిది డాక్టర్ల సదువే. నాకే వచ్చింది, దానికెందుకు రాదు?" అన్నాను.

నా పద్ధతి తప్పు కాదని ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి. నాలుగో తరగతి వాడికి వచ్చింది.

ఫిబ్రవరి 14

రేపు కాలేజీకి రమ్మన్నారు. పెద్ద పరీక్షకు ముందు పరీక్ష పెట్టారట, దాని మార్కులు చెబుతారు. తెల్ల ధోవతి ఉతికించాను.

ఫిబ్రవరి 15

ఏమీ రాయను.

ఫిబ్రవరి 17

ఎల్లారెడ్డిలో ఉన్నాను. రాస్తాను. నేనేమీ భయపడి దాచేవాణ్ని కాదు.

కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ఆశన్న సారు ఒక్కొక్కరినీ పిలిచాడు. దోమకొండ వాళ్లు, బీబీపేట వాళ్లు, గది నిండా తల్లిదండ్రులు. శ్రీకాంత్ మార్కులు బాగున్నాయి. అనూహ్య పేపరు సగం తెల్లగా ఉంది.

సారు అన్నాడు, "క్లాసుల ఈ పిల్ల అడిగినట్టు ఎవ్వలు అడుగరు తాతా. ఒక్కోసారి నేనే ఆలోచనల పడ్త. పేపర్ మీద మాత్రం ఏం లేదు. ఇంట్ల సదువుతదా?"

నాకు మండింది. "సదువుతదా? నా చెవులు గుయ్యిమనేదాక సదువుతది! నేనే ఇంటున్న రోజు. కావాల్నంటె నేను చెప్త, ఇనుండ్రి."

లేచి నిలబడ్డాను. శ్రీకాంత్ ఊగినట్టే ఊగుతూ మొదటి నుంచి చెప్పాను. మధ్యలో బీబీపేట ఆమె ఒకతె కొంగు నోట్లో కుక్కుకుంది. "తాతకు ఇంగ్లీషు వచ్చుడేంది!" అని దోమకొండ మనిషి అన్నాడు. మెచ్చుకున్నాడనుకున్నాను. గొంతు ఇంకా పెంచాను. సారు ఆపలేదు. అదే నాకు ఇప్పటికీ... ఆపలేదు.

అయిపోయాక ఆయన పుస్తకం తెరిచి, మొదటి ఆకు తిప్పి, వేలు పెట్టి చూపించాడు. మెల్లగానే అన్నాడు. అయినా అందరికీ వినబడింది.

"తాతా, ఇది పాఠం గాదు. పుస్తకం అచ్చేసినోళ్లు, దీన్ని ఎవ్వలు కాపీ కొట్టొద్దని రాసుకున్నది."

గది గదంతా నవ్వింది. శ్రీకాంత్ కూడా.

అనూహ్య నవ్వలేదు. నేల చూసింది. చూసినకొద్దీ నాకు కోపం. "మొద్దు," అన్నాను. "నన్నే మోసం చేసింది. దీనికి సదువు రాదు సార్. దీనికి గుండెకాయ లేదు, దిమాక్ లేదు. బీడీల చాట ముందట కూసోవెడ్త." నలుగురిలో అన్నాను. రెక్క పట్టి బస్టాండుకు నడిపించాను. శ్రీకాంత్‌ను గదిలోనే ఉండమన్నాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. ఏడిస్తే బాగుండేది.

ఫిబ్రవరి 18

మోసం చేసింది. ఆ మాట మాట్లాడరేం ఎవరూ?

ఫిబ్రవరి 19

బాలరాజు, "పరీక్షలైనా రాయనియ్యి బాపూ" అన్నాడు ఒకసారి. "రాసి ఏం జేస్తది?" అన్నాను. వాడు పొలానికి పోయాడు.

కోడలు చాట తెచ్చింది. తునికాకు నానబెట్టింది. అనూహ్య పక్కన కూర్చుని కత్తిరిస్తోంది. బీడీలు బాగానే చుడుతుంది. చేతులు చురుకు.

ఫిబ్రవరి 20

గడప మీద కూర్చుని చూస్తున్నాను. వాళ్లమ్మ నీళ్లకు లేచింది. అనూహ్య చాటలోని తంబాకును చదును చేసి, వేలితో ఒక గీత గీసింది. ఇంకొకటి. అది వంగి తిరిగి మొదటి దానికే వచ్చింది. నాలుగు గడులు.

నేను దగ్గాను.

ఒక్క ఊపులో తుడిచేసింది. ఎంత తొందరగా తుడిచిందంటే, చేయి దానికి అలవాటు పడినట్టుంది.

ఇవాళ అన్నం తినబుద్ధి కాలేదు. ఎండ ఎక్కువైనట్టుంది.

ఫిబ్రవరి 22

ఆదివారం. శ్రీకాంత్ బట్టలకు వచ్చాడు. పెరట్లో పట్టుకున్నాను.

"మీ చెల్లె గా పేజీ ఎందుకు సదివింది రా? నన్ను ఆగం చేద్దామనేనా?"

వాడు కాసేపు కాలితో మట్టి గీకాడు.

"గట్ల గాదు తాతా. నాకు సదివితె ఉంటది. అర్థం గాకున్నా ఉంటది. దానికి గట్ల ఉండది. బొమ్మ గీసి అండ్ల నడువాలె. నువ్వు కడిగినవ్ గదా. ఇగ నోరు నీకోసం సదువుతుండె, మనసుల నడుస్తుండె."

"పాఠమే సదువొచ్చు గదా మరి?"

"పాఠం సదివితె నడక చెడుతదంట. గా పేజీకి దానికి పనికొచ్చే ముచ్చట ఏం లేదు. అందుకే గది సదివింది. అయినా రెండు ఒక్కపారి కాకపాయె దానితోని. సగంల తప్పిపోతున్న అన్నది."

"నీకు ముందుగాలనే ఎరికనా?"

"ఎరికే."

"మరి చెప్పవైతివి?"

"నువ్వు దినాం నన్ను మంచిగ సదువుతుండు అంటుంటివి గదా తాతా."

వాడి మీద కోపం రాలేదు. రావాల్సింది. రాలేదు.

ఫిబ్రవరి 23

మా వాడ నగేశ్ పిలిచాడు. వాడొక్కడిదే ఈ వాడలో ఇంకా ఎడ్ల సాగు. జోడులో ఒకటి చచ్చిపోతే అంగట్లో కొత్తది కొన్నాడు. అది కాడి కింద పండుకుంటుందట.

పోయి చూశాను. వీపు మీద వాతలు తేలి ఉన్నాయి.

"మొద్దెద్దును అంటగట్టిండ్రు లింబాద్రి తాతా. ఎంత కొట్టినా అడుగెయ్యది."

"ఇడువు దాన్ని. కాడి తియ్యి."

తీశాడు. ఎద్దును ఊరికే నిలబెట్టి చూశాను. మెడ ఎడమకు తిప్పింది, ఎడమకే జరిగింది. రెండోసారీ అంతే. ఇందులో చూడడానికి ఏముంది, గుడ్డివాడికైనా తెలుస్తుంది.

"ఓరి, గిది దాపటెద్దు రా. చిన్నప్పటికెల్లి ఎడమ దిక్కు నడిచింది. దీన్ని తెచ్చి కుడి దిక్కు కడ్తివి. తొవ్వ దానికి తిరగబడ్డట్టుంటది, ఇగ ఎట్ల గుంజుతది? కొట్టే ముందు అది ఎట్ల నిలబడుతదో ఒక్కపారి సూడవా? ఎద్దు మొద్దు గాదు. కట్టినోడు..."

అక్కడ ఆగిపోయాను.

నగేశ్ నవ్వుతూ వాటిని మార్చి కట్టాడు. ఎద్దు లేచింది. పక్కదానితో సమానంగా చాలు చివర దాకా పోయింది. "నీ అసొంటి కండ్లు అందరికి ఉంటయా తాతా!" అని అరిచాడు అటు నుంచి.

మామూలుగా అయితే మీసం దువ్వేవాణ్ని. చాయ తాగి, ఇంకో నలుగురికి చెప్పి వచ్చేవాణ్ని. ఎవరికీ కనబడకుండా గెట్టు వెంట ఇంటికి వచ్చాను. వచ్చాక చూసుకుంటే కాళ్లకు చెప్పులు లేవు.

ఫిబ్రవరి 24

నేనూ ఇద్దరినీ ఒక్క వైపే కట్టాను.

ఫిబ్రవరి 26

నిన్న చెబుదామనుకున్నాను. బాలరాజు పొలంలో ఉన్నాడు. మొన్న చెబుదామనుకున్నాను. భూదవ్వకు మోకాళ్ల నొప్పి. ఇవన్నీ సాకులు. నాకు నోరు రాలేదు. ఎక్కాలు వస్తాయి, అచ్చువాళ్ల హెచ్చరిక వస్తుంది, ఇది రాలేదు.

ఇవాళ పొద్దున అందరూ చాయ తాగుతుండగా చెప్పాను. నిలబడి చెప్పాను. కాలేజీలో నిలబడే అన్నాను కదా.

"అనూహ్యను మొద్దు అన్న. తప్పు. దానికి దిమాక్ లేదన్న. గది సుత తప్పు. తెలివి లేనిది నాకు. పిల్ల పరీక్షలు రాస్తది. మీదికి సుత సదువుతది. పాసైనా, ఫేలైనా. బాలరాజూ, ఇగ నా మాట వట్టుకొని దాన్ని ఆపొద్దు."

బాలరాజు గ్లాసు కింద పెట్టి నన్ను చూశాడు. వాడిని కూడా నేను ఇలాగే చదివించాను. ఏడో తరగతిలో మానేశాడు. ఎందుకని నేను ఎన్నడూ అడగలేదు.

భూదవ్వ అంది, "నా పెండ్లయిన కాడికెల్లి ఎదురుసూస్తున్న, తప్పు అనే మాట గీయన నోట్లె ఎన్నడొస్తదా అని. నాకు రాలే. మనుమరాలికి వచ్చింది. కానియ్యి."

అనూహ్య చేతిలో ఉన్న బీడీకట్టకు దారం చుట్టడం ఆపలేదు. కట్టి, ముడేసి, చాటలో పెట్టి అప్పుడు అడిగింది.

"అక్కడికి వస్తె మళ్ల కడుగుతవా?"

"కడుగ."

"నడుస్త నేను."

"నడువు."

"అన్నం?"

"నేను వండుత."

"నీకు రాదు గదా."

"నేర్చుకుంట."

"ఎట్ల నేర్చుకుంటవ్? గట్టిగ సదువుకుంటనా?"

కోడలు, "ఏయ్, తాతను గట్ల అంటవా!" అని చేయి ఎత్తింది. నేనే ఆపాను. ఆ మాట నాకు పడాల్సిందే. అది నవ్వితే ఇంకా బాగుండేది. నవ్వలేదు.

ఫిబ్రవరి 27

కామారెడ్డి. కాలేజీకి పోయి ఆశన్న సారుకు కూడా చెప్పాను. గదిలో వేరే సార్లు ఉన్నారు. ఉండనీ అనుకున్నాను. ఆయన కుర్చీ చూపించాడు. కూర్చోలేదు.

"పాపం, ఆ రోజు మిమ్ముల నడుమల ఆపాల్సింది తాతా, నాదీ తప్పే" అన్నాడు.

"ఆపితె నేను ఆగుదునా సారూ?" అన్నాను.

వచ్చేటప్పుడు ఎల్లారెడ్డి నుంచి సంచిలో ఎర్రమన్ను తెచ్చాను. ముగ్గుపిండి ఇక్కడ కొన్నాను. రెండూ దాని పుస్తకాల పక్కన పెట్టాను. చూసింది. ముట్టుకోలేదు.

మార్చి 2

అన్నం మాడింది. ఇద్దరూ తిన్నారు. శ్రీకాంత్ నవ్వాడు.

ఎర్రమన్ను సంచి అక్కడే ఉంది. ముడి విప్పలేదు. అనూహ్య పుస్తకం తెరిచి, పెదవులు కదపకుండా కూర్చుంటుంది. నేను లోపలికి వస్తే వెంటనే గట్టిగా చదవడం మొదలుపెడుతుంది. నా అడుగుల చప్పుడు వింటే చాలు. మెట్ల మీద దగ్గినా చాలు.

అలా చదవకు బిడ్డా అని ఎలా చెప్పాలి. చెబితే అదీ నా హుకుమే అవుతుంది.

మార్చి 4

పరీక్షలు మొదలయ్యాయి. నేను మెట్ల మీద కూర్చోవడం మానేశాను. కింద వాకిట్లో వేపచెట్టు దగ్గర కూర్చుంటున్నాను. శ్రీకాంత్‌ను డాబా మీదికి పంపాను, వాడి ఊపు, వాడి గొంతు వాడిష్టం. వాడికి అది సరిపోతుంది. అదీ తప్పు కాదు.

గదిలో నుంచి ఏ చప్పుడూ రావడం లేదు. చదువుతోందో, పడుకుందో, ఊరికే గోడను చూస్తోందో నాకు తెలియదు. తెలియకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఇప్పుడే తెలుస్తోంది.

మార్చి 9

ఉప్పు సరిపోయింది ఇవాళ.

మార్చి 12

రేపు జంతుశాస్త్రం.

మధ్యాహ్నం రాజశ్రీ మిషన్ దగ్గర నుంచి తల బయటికి పెట్టింది. "ఏంది పెద్దబాపూ, మీద సప్పుడే లేదు. పోరి పండుకున్నదా?"

"సదువుతున్నది. నువ్వు మిషన్ జర మెల్లగ తొక్కు."

"సప్పుడు లేకుంటెనా?"

"సప్పుడు లేకుంటెనే."

ఎండకు నాలుక పిడచగట్టింది. కింద అడిగితే నీళ్లిచ్చేవాళ్లే. ఎందుకో పైకి ఎక్కాను. తలుపు బయట చెప్పులు విడిచి, దగ్గకుండా, మెల్లగా తోశాను.

నేల మొత్తం ఉంది. ఆ రోజటి కంటే పెద్దది. మంచాలు నిలబెట్టేసింది. తెల్లగీతలు, ఎర్రగీతలు, కిటికీ కింద రెండు పెద్ద సంచుల్లాంటివి, మధ్యలో నాలుగు గడులు. ఎర్రమన్ను సంచి ఖాళీ అయింది. కళ్లు మూసుకుని కిటికీ వైపు నుంచి వస్తోంది. నన్ను చూడలేదు. చదవడమూ మొదలుపెట్టలేదు.

నీళ్లకుండ తలుపు పక్క మూలనే ఉంది. ఒక్క అడుగు వేస్తే అందుతుంది. మధ్యలో ఒక్క తెల్లగీత. దాటడానికి కాలెత్తాను.

"ఆగు!"

ఎత్తిన కాలు అలాగే ఉంచాను. అనూహ్య కళ్లు తెరిచి నన్నే చూస్తోంది. కామారెడ్డికి తిరిగి వచ్చాక అది తానుగా నాతో అన్న మొదటి మాట.

"గట్ల పోవద్దు తాతా. గది ఎదురు."

"నీళ్లు తాగుదామని బిడ్డా."

"తాగు. గని గిట్ల తిరిగి పోవాలె. ఆడ తలుపులుంటయి. నెత్తురును ఎనుకకు మలగనియ్యవు."

తలుపులు నాకు కనబడలేదు. అయినా కాలు వెనక్కి తీసుకున్నాను. అది చేయి చూపిన వైపు నడిచాను. తెల్లగీత వెంట కుడి గడిలోకి, అక్కడి నుంచి కింద గడిలోకి. అక్కడ నుంచి కిటికీ దాకా. సంచుల దగ్గర ఆపింది.

"గిప్పుడు యాడ ఉన్నవ్?"

"తెల్వది," అన్నాను.

అది నా మొహంలోకి చూసింది. ఎగతాళి లేదు. బర్రె నెమరు గురించి అడిగిన రోజు ఉన్న కళ్లే.

"ఊపిరితిత్తులల్ల. గిక్కడ గాలి పీల్చుకుంటవ్, మంచిగైతవ్. గిక్కడికెల్లి ఎర్రగీత. పా."

పోయాను. ఎర్రగీత ఎడమ గడులకు తెచ్చింది, అక్కడి నుంచి గోడ వెంట చుట్టూ తిప్పి కుండ దగ్గర వదిలింది. ఒక్క గీత కూడా చెరగలేదు. చెంబు ముంచుకుని తాగాను.

తాగి, తలుపు వైపు చూశాను. అడుగు దూరమే, మధ్యలో ఆ ఒక్క తెల్లగీత.

దాటలేదు. చెంబు బోర్లించి, ఎటు నుంచి పోవాలని అడిగాను.